కొండ బావురుమంటుందా?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ గాలికి నగరంలో లెక్కలేనన్ని చెట్లు కూలిపోయాయి. పచ్చగా ఉండే కైలాసగిరి బావురుమంది. అదేమిటి, గొంతు లేని కొండ ఎలా ఏడుస్తుంది?

బావురుమనడం అంటే ఆపుకోలేక, ఉన్నట్టుండి పెద్దగా ఏడ్చేయడం. ‘బావురు’ అనేది చప్పుడు. దానికి ‘అను’ చేరి క్రియ అయింది. రివ్వుమనడం, గలగలమనడం, చిటపటమనడం అన్నీ ఇలా పుట్టినవే. చెవిన పడ్డదాన్ని అక్కడికక్కడే మాటగా మార్చేసుకునే ఈ పద్ధతి తెలుగుకున్న గొప్ప సంపద.

గట్టిగా ఏడ్చేటప్పుడు ఊపిరితిత్తుల నుంచి గాలి బలంగా తోసుకొస్తుంది, స్వరతంత్రులు బిగుసుకుంటాయి, నోరు బాగా తెరుచుకుంటుంది. ‘బా’ అని పలికి చూడండి, మీ నోరూ తెరుచుకుంటుంది. భోరుమనడమూ ఇలాంటిదే. పదిమంది ఒక్కసారిగా ఏడిస్తే మాత్రం ఘొల్లుమన్నారంటాం. పసిపిల్లలు ఊపిరి బిగబట్టి ఏడిస్తే అది గుక్కపట్టడం.

ఇక కొండ సంగతి. సెలవుల్లో అందరూ ఊరెళ్లిపోతే ‘ఇల్లు బావురుమంటోంది’ అంటారు. అక్కడ ఏడుపు లేదు, అసలు చప్పుడే లేదు. ఏడ్చే మనిషి మనసులోని వెలితిని ఖాళీ చోటుకు అంటగట్టాం. అందుకే చెట్లు పోయిన కొండా బావురుమంటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట ఆగినప్పుడు, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవలన్నీ ఒడ్డునే ఉన్నా, చేపల వేలం జరిగే చోటు బావురుమంటుంది.