ముందు గడియారం... తర్వాతే దారి!

పటంలో చూస్తే ఏముంది... అనంతపురం నుంచి కల్యాణదుర్గం, అక్కణ్నుంచి రాయదుర్గం, మళ్లీ వెనక్కి. రానూపోనూ సుమారు 200 కిలోమీటర్లు. ఘాట్ రోడ్లు లేవు, దట్టమైన అడవులూ లేవు. సైకిలు తొక్కడానికి ఇంతకంటే సుఖమైన దారి ఉంటుందా అనిపిస్తుంది. ఏప్రిల్ నెలలో ఓసారి పదకొండు గంటలకు అదే దారిలో బయల్దేరి చూడండి, అసలు సంగతి తెలుస్తుంది!

దూరప్రయాణపు మౌంటెన్ బైక్ పందేలకు దారి గీసేవాళ్లు ఎక్కడైనా ముందు చూసేది ఎత్తుపల్లాలే. హిమాచల్‌ప్రదేశ్‌లో 2005లో మొదలైన ‘ఎమ్‌టీబీ హిమాలయా’ అయినా, దక్షిణాఫ్రికాలో 2004లో మొదలైన ఎనిమిది రోజుల ‘కేప్ ఎపిక్’ అయినా ఆటంతా కొండలతోనే. ఏడాదికి 550 మిల్లీమీటర్లో అంతకు అటూఇటూగానో వాన పడే అనంత పీఠభూమిలో లెక్క వేరు. ఇక్కడ కొండకన్నా ఎండ పెద్దది.

వెనకున్నవాడి కోసమే గడువు

లెక్క ఎలా వేయాలో తెలియాలంటే ‘బ్రెవే’ల గురించి చెప్పుకోవాలి. ఇవి పందేలు కావు. మొదటి బహుమతీ ఉండదు, చివరివాడన్న వెక్కిరింతా ఉండదు. చెప్పిన గడువులోగా దూరం పూర్తిచేస్తే చాలు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. వీటన్నిటికీ పెద్దన్న ప్యారిస్ నుంచి బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగొచ్చే 1200 కిలోమీటర్ల యాత్ర. గడువు 90 గంటలు. 1891లో దాన్ని మొదలుపెట్టింది ఓ దినపత్రికే! బెంగళూరు, హైదరాబాద్ క్లబ్బులూ బ్రెవేలు నడుపుతున్నాయి. దారిలో అక్కడక్కడా తనిఖీ కేంద్రాలుంటాయి. ప్రతిదానికీ తెరిచే వేళ, మూసే వేళ రాసిపెడతారు.

ఆ గడియారాన్ని మన రాయదుర్గం దారికి తగిలిద్దాం. ఉదయం ఆరింటికి బయల్దేరితే 60 కిలోమీటర్ల దగ్గరున్న కల్యాణదుర్గం కేంద్రం పదింటికి మూతపడుతుంది. వందో కిలోమీటరు దగ్గర రాయదుర్గం... పన్నెండూ నలభైకి. అంటే అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాడు నడినెత్తిన ఎండ పెట్టుకుని వెనక్కి మళ్లాలన్నమాట. పోనీ తెల్లవారుజామున మూడింటికే జెండా ఊపితే? గంటకు పాతిక కిలోమీటర్లు తొక్కేవాడు పదకొండింటికల్లా ఇల్లు చేరతాడు. చివరివాడు మాత్రం సాయంత్రం నాలుగున్నర దాకా ఎండలోనే ఉంటాడు. 40 డిగ్రీలు దాటే రోజుల్లో అది ఆట కాదు, ప్రాణాలతో చెలగాటం. బయల్దేరే వేళ ఎంత ముందుకు జరిపినా వేసవి పనికిరాదని తేలిపోతుంది.

మట్టిదారి మాట

ఇది తారురోడ్డు లెక్క. పొలాల గట్ల వెంట, బండిబాటల్లో సాగే మౌంటెన్ బైక్‌కు ఇది సరిపోదు. మామూలు మనిషి అక్కడ గంటకు 12 కిలోమీటర్లు వెళ్తే గొప్పే. జనవరిలో వెలుతురు ఉండేది పదకొండు గంటల పైచిలుకు. తిండికీ, పంక్చర్లకూ గంటన్నర తీసేస్తే పగటిపూట అయ్యేది 115 కిలోమీటర్లు. అంతకన్నా పొడుగ్గా దారి గీస్తే కొందరైనా చీకట్లో మట్టిదారుల్లో తచ్చాడాల్సిందే.

నీళ్ల సంగతీ అంతే. పొడిగాలికి చెమట పట్టినట్టే ఉండదు, ఆరిపోతూ ఉంటుంది. దాహం వేసేసరికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. గంటకు ముప్పావు లీటరు తాగాలనుకుంటే, సైకిలుకున్న రెండు సీసాలూ రెండు గంటల్లో ఖాళీ. అంటే 24 కిలోమీటర్లు! ఊళ్లు ఎంత దూరదూరంగా ఉన్నా ఇరవై కిలోమీటర్లకోసారి నీళ్లు దొరికేలా చూసుకోవాలి. అక్కడే నాలుగు ఉగ్గాని, బజ్జీ పొట్లాలు పెట్టించినవాడు పుణ్యాత్ముడు.

కాస్త చల్లబడ్డాక జులైలో పెడదామా అంటే గాలి ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు మరి! నైరుతి రోజుల్లో గాలి పడమటి నుంచి కొడుతుంది. అప్పుడు పొద్దున్నే ఒంట్లో సత్తువ ఉండగా ఎదురుగాలిలో రాయదుర్గం వైపు వెళ్లి, అలసిపోయాక గాలివాటున తిరిగి రావాలి. తూర్పు నుంచి మొదలుపెట్టి గాలికి ఎదురుగా ముగిసేలా దారి గీస్తే శాపనార్థాలు తప్పవు. కణేకల్, బొమ్మనహాళ్ వైపు తిప్పితే ఇంకో చిక్కు. వేదవతి ఒడ్డు నుంచి గాలి మోసుకొచ్చిన ఇసుక దిబ్బలై పొలాలను ముంచింది. అందులో టైరు దిగబడితే సైకిలును భుజాన వేసుకుని నడవాల్సిందే.

నేల కూడా చూసి ఎంచుకోవాలి. కల్యాణదుర్గం వైపు ఎర్రనేలలు వాన వెలిశాక త్వరగా ఆరతాయి. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి అలా కాదు... ఒక్క వానకే బంకలా చక్రానికీ ఫోర్కుకూ మధ్య ఇరుక్కుని సైకిలును కదలనివ్వదు. ఎండాకాలం చూసొచ్చిన బాట వానాకాలం ఉండదు. ఇక పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఏ నేలలోనైనా ఉంటాయి. ట్యూబు లేని టైర్లలో సీలెంటు ద్రవం పోసుకుని వస్తే కొంత నయం.

అందుకే దారి చూసి రావడమంటే కారులో ఓ చుట్టు చుట్టడం కాదు. పందెం జరగబోయే నెలలోనే, అదే వేళకు, సైకిలు మీదే వెళ్లాలి. అలా వెళ్తేనే కొన్ని కనిపిస్తాయి. సాయంత్రం అయిదు దాటాక గొర్రెల మందలు ఊళ్లోకి మళ్లే బాటలు, బడి వదిలే వేళ, వారపు సంత. పంట ఇంటికొచ్చే రోజుల్లోనైతే తారురోడ్డు మీద సగం మేర గింజలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. రైతును తీసేయమనలేం కదా. ఆ నాలుగు కిలోమీటర్లూ పక్క ఊరి మీదుగా తిప్పి, పెరిగిన దూరానికి మరో పావుగంట గడువు కలిపి, పట్టికంతా మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి.