ఏకాగ్రత ఒక్కటే చాలదు

కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’లో అగ్నిమిత్రుడు మాళవికను ముందుగా చిత్రపటంలో చూస్తాడు. రెండో అంకంలో ఆమె నాట్యం చేయడానికి ఎదుట నిలిచినప్పుడు, ఆ రూపం ముందు పటం వెలవెలబోయిందని గ్రహిస్తాడు. అప్పుడతను తప్పుపట్టింది చిత్రకారుడి చేతిని కాదు. గీసే వేళ అతని సమాధి సడలిందంటాడు. మన శిల్ప సంప్రదాయానిదీ ఇదే నమ్మకం. ఉలి పట్టే ముందు శిల్పి దేవతామూర్తి ధ్యానశ్లోకాన్ని మననం చేసుకుని, ఆ రూపాన్ని మనసులో నిలుపుకోవాలి. ఆనంద కుమారస్వామి 1934లో వెలువరించిన ‘ది ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ నేచర్ ఇన్ ఆర్ట్’లో ఈ భావననే పాశ్చాత్య పాఠకుల ముందుంచాడు.

ధ్యానమంటే ఏకాగ్రత, ఏకాగ్రత ఉంటే కళ పండుతుంది అని మనలో స్థిరపడిన అభిప్రాయానికి మూలం ఇక్కడుంది. ఊహించిన రూపాన్ని చెదరకుండా రాతిలోకి దించడానికి ఏకాగ్రత కావాలి, సందేహం లేదు. కానీ ఇంతకుముందు ఎవరికీ తట్టని ఊహ తట్టడానికి కూడా అదే సాధనం పనికొస్తుందా? మనోవిజ్ఞానం ఈ ప్రశ్నను ప్రయోగశాలలోకి తీసుకెళ్లి చాలాకాలం కాలేదు. ఇప్పటివరకు దొరికిన జవాబు, నా దృష్టిలో, కళాకారులందరూ తెలుసుకోదగినది.

కళాకారుల అనుభవాలనే సాక్ష్యంగా తీసుకుంటే చిక్కులున్నాయి. 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ బృందం రిషీకేశ్‌లోని మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చింది. ఆ ఏడాది నవంబరులో విడుదలై ‘వైట్ ఆల్బమ్’గా పేరుపడిన సంపుటిలోని పాటల్లో చాలా భాగం అక్కడ పుట్టినవే. ఇది మంత్రధ్యానం మహిమే అనాలనిపిస్తుంది. అయితే అక్కడ వాళ్లకు స్టూడియో గడువులు లేవు, అభిమానుల తాకిడి లేదు, చేతిలో గిటార్లున్నాయి, చుట్టూ తోటి సంగీతకారులున్నారు. వాళ్లలో ఒకరైన డోనోవన్, గిటారు తీగలను వేళ్లతో విడివిడిగా మీటే పద్ధతిని జాన్ లెనన్‌కు నేర్పాడు. తర్వాతి పాటల్లో ఆ వాయిద్యం స్పష్టంగా వినిపిస్తుంది. ఇన్ని కారణాలు కలిసిన చోట ధ్యానం వాటా ఎంతో తేల్చడం అసాధ్యం. దానికి ప్రయోగాలు కావాలి.

ధ్యానాన్ని ప్రయోగానికి పెట్టాలంటే ముందు దాన్ని విడదీయాలి. శ్వాస, మంత్రం, దీపశిఖ వంటి ఒకే ఆలంబనం మీద మనసు నిలిపి, అది జారినప్పుడల్లా వెనక్కి తెచ్చుకోవడం ఒక పద్ధతి. దీన్ని ఏకాగ్రధ్యానం అందాం. ఏ ఆలంబనమూ పెట్టుకోకుండా, వచ్చిన ఆలోచనను, శబ్దాన్ని, స్పర్శను వచ్చినట్టే గమనిస్తూ, దేన్నీ తోసివేయకుండా, దేని వెంటా పోకుండా ఉండటం మరొకటి. దీన్ని సాక్షిధ్యానం అనుకోవచ్చు.

సృజనాత్మక ఆలోచనలోనూ రెండు కదలికలున్నాయి. ఇటుకతో ఎన్నెన్ని పనులు చేయవచ్చో చెప్పమంటే మనసు నలుదిక్కులా విస్తరించాలి. అమెరికన్ మనోవిజ్ఞాని గిల్ఫర్డ్ ఈ విస్తరణ ఆలోచనను కొలవడానికి దారి చూపాడు. కొబ్బరి, వాన, కన్ను అనే మూడింటితోనూ కలిసే ఒకే మాట చెప్పమంటే మాత్రం ఆలోచన ఒక్క చోటికి, అంటే ‘నీళ్లు’ దగ్గరికి చేరాలి. 1962లో మెడ్నిక్ ప్రతిపాదించిన పరీక్ష ఈ తరహాది.

నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో లొరెంజా కొల్జాటో బృందం ఈ రెండు ధ్యానాలనూ ఈ రెండు ఆలోచనలనూ ఎదురెదురుగా నిలిపి చూసింది. ధ్యాన సాధన ఉన్న 19 మంది వేర్వేరు రోజుల్లో ఏకాగ్రధ్యానం, సాక్షిధ్యానం, ధ్యానం కాని ఒక ఊహాభ్యాసం చేసి పరీక్షలు రాశారు. ఫలితాలు 2012లో వచ్చాయి. సాక్షిధ్యానం తర్వాత కొత్త ఉపయోగాలు ఎక్కువ తట్టాయి, వాటిలో వైవిధ్యమూ అపూర్వతా పెరిగాయి. ఏకాగ్రధ్యానం మాత్రం, ఆలోచనను ఒక్క చోటికి చేర్చే పరీక్షలో కూడా, పరిశోధకులు ఆశించినంత మేలు చేయలేదు. 19 మంది అంటే చిన్న సంఖ్యే. కానీ 2016లో లెబుడా, జబెలినా, కర్వోవ్‌స్కీ కలిసి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీకరించినప్పుడు కూడా మొగ్గు ఇటే కనిపించింది. ఎరుకకూ (మైండ్‌ఫుల్‌నెస్) సృజనకూ సగటు సహసంబంధం 0.22. పెద్దదేమీ కాదు, తీసిపారేయదగిందీ కాదు. గమనింపు ప్రధానమైన చోట అది మరింత బలంగా ఉంది.

ఇది కేవలం విశ్రాంతి ఫలితం కాదా అన్న అనుమానం సహజం. 2014లో చైనా విద్యార్థులపై జరిగిన ఒక అధ్యయనం దీన్నే పరీక్షించింది. కొందరు రోజుకు 30 నిమిషాల చొప్పున 7 రోజులు ధ్యానం చేశారు, మరికొందరు అంతే సేపు శరీరాన్ని సడలించే అభ్యాసం చేశారు. సృజన పరీక్షలో ధ్యానం చేసినవారే మెరుగయ్యారు.

మెదడులో ఏం జరుగుతోంది? మనం ఏ పనీ పెట్టుకోనప్పుడు చురుకెక్కే ఒక వ్యవస్థను మార్కస్ రేఖల్ బృందం 2001లో వర్ణించింది. డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అని దాని పేరు. పగటికలలు, జ్ఞాపకాలు, ఊహలు దాని పరిధిలోవి. 2011లో యేల్ విశ్వవిద్యాలయంలో జడ్సన్ బ్రూవర్ బృందం అనుభవజ్ఞులైన సాధకుల్లో ఈ వ్యవస్థ చురుకుదనం తగ్గుతుందని చూపింది. ఊహల ఊట తగ్గితే సృజన ఎలా పెరుగుతుందని ఇక్కడ ఎవరికైనా అనిపిస్తుంది. అదే అధ్యయనంలో మరో సంగతి ఉంది. సాధకుల్లో ఈ వ్యవస్థకూ, మనసును అదుపులో ఉంచే ప్రాంతాలకూ మధ్య సంధానం బలపడింది. రోజర్ బీటీ బృందం 2018లో సృజనశీలుర మెదడుల్లో గుర్తించిన ప్రత్యేకత కూడా ఇలాంటిదే. సాధారణంగా ఒకటి పనిచేస్తుంటే మరొకటి వెనక్కి తగ్గే ఊహావ్యవస్థ, నియంత్రణ వ్యవస్థ వాళ్లలో కలిసి నడుస్తున్నాయి. ధ్యానం కళకు తోడ్పడే మార్గం ఈ సంధానమే అని నాకనిపిస్తుంది. రెండు అధ్యయనాలను కలిపి చేసిన ఊహ ఇది, రుజువైన సిద్ధాంతం కాదు.

ఈ కలయికను కళ్లారా చూడాలంటే తెలుగువాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. అష్టావధానం ఉంది. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత రాగలదనుకున్న అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. అంటే అడుగడుగునా తొలి ఊహ తెగిపోతుంది. మరో మాట, ఆ మాట పోతే ఇంకో మాట సిద్ధంగా ఉండాలి. ఇది విస్తరణ ఆలోచన. అదే క్షణంలో యతి, ప్రాస, గణం, అన్వయం తప్పకూడదు. ఇది ఒక్క చోటికి చేర్చే ఆలోచన. దత్తపదిలో ఏమాత్రం పొంతన లేని నాలుగు పదాలను, ఇచ్చిన వస్తువుకు తగినట్టు, ఒకే పద్యంలో ఇమడ్చాలి. మెడ్నిక్ పరీక్షకు ఇంతకంటే కఠినమైన రూపం ఊహించలేం.

మధ్యలో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు. అవధాని మనసు పద్యపాదం మీద ఉండగా సంబంధం లేని ప్రశ్న వేస్తాడు. అవధాని దాన్ని విననట్టు ఊరుకోకూడదు, చమత్కారంగా బదులివ్వాలి, వెంటనే వదిలిన పాదం దగ్గరికి తిరిగి రావాలి. శబ్దాన్ని తోసివేయకుండా, దాని వెంట కొట్టుకుపోకుండా ఉండే ఆ నైపుణ్యమే సాక్షిధ్యానంలో సాధకుడు నేర్చుకునేది. చివర, ముక్కలుముక్కలుగా చెప్పిన పద్యాలన్నిటినీ అవధాని వరసగా అప్పజెప్పడం ధారణ. పతంజలి యోగాంగాలలో ధ్యానానికి ముందు మెట్టు పేరు కూడా అదే కావడం ఆలోచించదగింది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఊరూరా ప్రదర్శించి జనానికి చేరువ చేసిన ఈ విద్యను ధారణాశక్తిగానే మెచ్చుకుంటూ వచ్చాం. అవధానం చేస్తున్నవారి మెదడును అధ్యయనం చేయడానికి మన విశ్వవిద్యాలయాల్లోని మనోవిజ్ఞాన, తెలుగు శాఖలు చేతులు కలపాలని నా గట్టి కోరిక.

అవధానం మరో సత్యాన్నీ చూపిస్తుంది. వేలాది పద్యాలు నోటికి రాని వ్యక్తికి ఎంత ధ్యానం చేసినా నిషిద్ధాక్షరిలో మాట దొరకదు. గ్రాహం వాలస్ 1926లో సృజనకు చెప్పిన నాలుగు దశల్లో మొదటిది సన్నాహం. ఆ తర్వాతే అంతరంగంలో నానడం, స్ఫురించడం, సరిచూసుకోవడం. ధ్యానం సన్నాహానికి ప్రత్యామ్నాయం కాదు. అది ముఖ్యంగా పనికొచ్చేది రెండో, మూడో దశల్లో అని నేననుకుంటున్నాను.

కాబట్టి రచయితైనా, చిత్రకారుడైనా, స్వరకర్తైనా పనిని బట్టి ధ్యానాన్ని ఎంచుకోవాలి. కొత్త రచనకు వస్తువు వెతుక్కునే రోజుల్లో, పనికి కూర్చునే ముందు ఓ 20 నిమిషాలు సాక్షిధ్యానం చేసి, లేచిన వెంటనే తోచినవన్నీ మంచిచెడ్డలు ఎంచకుండా నోటుపుస్తకంలో రాసుకోవడం మంచి అలవాటు. ఎంపిక మరుసటి రోజుకు వాయిదా వేయాలి. చిత్తుప్రతిని దిద్దేటప్పుడు, కృతిని కంఠస్థం చేసేటప్పుడు, సన్నని రేఖలు గీసేటప్పుడు శ్వాస మీది ఏకాగ్రధ్యానం ఎక్కువ నప్పుతుంది. అది ఊహను పెంచకపోయినా, పరధ్యానంలో జరిగే పొరపాట్లను తగ్గించగలదు.

ధ్యానం అందరికీ ఒకేలా సరిపడదు. బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు సాధకులు భయం, నిద్రలేమి, తమకు తామే పరాయిగా తోచడం వంటి ఇబ్బందులు చెప్పారు. గాఢమైన దుఃఖంలోనో ఆందోళనలోనో ఉన్న కళాకారుడు కళ్లు మూసుకుని గంటల తరబడి కూర్చోవడం కంటే, కళ్లు తెరిచి నడుస్తూ కాసేపు గమనింపు సాధన చేయడం మేలు. ఇబ్బంది తగ్గకపోతే సాధన ఆపి వైద్యుణ్ని సంప్రదించాలి.