బెలుం గుహలు

2022లో కర్నూలు నుండి వేరుపడిన నంద్యాల జిల్లాలో, కొలిమిగుండ్లకు చేరువ మెట్టచేల నడుమ, బావివంటి గొయ్యి యొకటి కలదు. అదియే బెలుం గుహలకు వాకిలి. సున్నపురాతిని నీరు లక్షలాది యేండ్లు తొలిచి చేసిన యీ త్రోవలను గూర్చి 1884లో రాబర్టు బ్రూసు ఫూటు వ్రాసెను. 1982, 83లలో జర్మను పరిశోధకులు కొలిచి 3,229 మీటర్లని తేల్చిరి.

ఒకప్పుడు చుట్టుపట్లవారు ఇందు చెత్త పోయుచుండిరి. దానిని తొలగించి, దారులు వేసి, దీపములు పెట్టి, 2002లో పర్యాటకులకు తెరచిరి. కావున పర్యాటకుల రాక గుహకు మొదట మేలే చేసినది. కాని కీడును లేకపోలేదు. జనుల యూపిరిలోని బొగ్గుపులుసు వాయువు తేమతో కలిసి రాతిని కరగించును. దీపపు వెలుగున నాచు పుట్టును. పైనుండి వ్రేలాడు సున్నపు ఊడకు చేతిజిడ్డు అంటినచో దానిపై మరల సున్నము సరిగా పేరుకొనదు. ఫ్రాన్సులోని లాస్కో గుహను ఇట్టి కారణములచేతనే 1963లో మూసివేసిరి. దాదాపు పదునేడువేల యేండ్లు నిలిచిన చిత్రములు పదునైదేండ్ల సందడికి తాళలేకపోయినవి!

బెలుంలో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే తెరచి, తక్కినదానిని చీకటికే విడిచిరి. ఇది మంచి యేర్పాటు. వేడి పుట్టింపని దీపములు, లోనికి పోవువారికి ఒక లెక్క కూడ అవసరమే. మిక్కిలి లోతున పాతాళగంగ యను సన్నని ధార పారి నేలలో మాయమగును. అది బెలుం ఊరిబావిని చేరునని జనులందురు. చూపరి పారవైచిన మురికియు ఆ నీటి వెంటనే పోవును.