ముగ్గుపిండిలో ఊరు

అగ్రికల్చర్ విద్యార్థి రైతు ఇంటికి వెళ్తున్నాడు. మెడికో ఓ కుటుంబం గడప తొక్కుతోంది. డిగ్రీ కుర్రాడు తన సొంత వీధిలోనే సర్వే కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడు. సిలబస్‌లోకి ఊరొచ్చింది. మరి ఊరికేం వచ్చింది?

రామాలయం ముందు పొద్దున్నే కళ్ళాపి చల్లి ఉంచారు. నలుగురు ఆడపిల్లలు, బీఎస్సీ అగ్రికల్చర్ ఆఖరి సంవత్సరం వాళ్ళు, రెండు కిలోల ముగ్గుపిండి, నాలుగు రంగుల పొట్లాలు, ఓ గుప్పెడు చింతపిక్కలు తెచ్చుకున్నారు. ‘ఊరి పటం మీరే వెయ్యాలండీ’ అనేసరికి అక్కడ చేరిన ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

‘పటాలు మాకేం వచ్చమ్మా? మెలికల ముగ్గంటే వేస్తాం.’

‘అలాగే వెయ్యండి పిన్నీ. ముందు రోడ్డు గియ్యండి చాలు.’

ఒకావిడ వంగి రోడ్డు గీసింది. ‘అట్టా తిన్నగా ఉందా మన రోడ్డు?’ అంటూ ఇంకొకావిడ వంపు తిప్పింది. ఇక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కాలవకి నీలం, వరిచేలకి ఆకుపచ్చ, మిరప చేలకి ఎరుపు, ఇంటికో చింతపిక్క. పాలకేంద్రం దగ్గర అగ్గిపెట్టె పెట్టారు. అమ్మాయిల్లో ఒకతె చేతిలో ఉన్న ప్రింటు చూసి బడి వెనక బోరు గుర్తు పెట్టింది. అరుగు మీద కూర్చున్న మామ్మ గభాలున అంది:

‘అది చెరిపెయ్ అమ్మాయ్. ఆ బోరెండిపోయి మూడేళ్ళయింది. నీ కాగితంలో నీళ్ళు పడుతున్నాయా ఇంకా?’

గుంటూరు జిల్లాలో ఓ ఊరది. పేరు రాయొద్దన్నారు పిల్లలు. మార్కులింకా పడలేదు మరి!

ఇలా నేలమీద పటం వేయించే పద్ధతి మన దేశంలో 1980ల చివర ఊపందుకుంది. దాన్ని ప్రపంచానికి పరిచయం చేసినవాళ్ళలో ముఖ్యుడు రాబర్ట్ ఛాంబర్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు. 1989 నుంచి రెండేళ్ళపాటు ఆయన ఉన్నది హైదరాబాద్‌లోనే, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో. బయటినుంచి వచ్చిన నిపుణుడు గంటలో ఊరంతా చుట్టేసి, కారు ఆగిన రోడ్డు పక్క ఇళ్ళే చూసి, ఊరు అర్థమైందనుకోవడం మీద ఆయనకు ఒళ్ళుమంట. పెన్ను ఊరివాళ్ళ చేతికిస్తే తప్ప ఊరు అర్థం కాదన్నాడు. మన పల్లెల్లో పెన్నుకన్నా ముగ్గుపిండి బాగా నడుస్తుంది. ఆడవాళ్ళ వేళ్ళకు అలవాటైన పని కదా.

అగ్రికల్చర్ కాలేజీల్లో ఈ ఊరి చదువును ‘రావెప్’ అంటారు. ఆఖరి సంవత్సరంలో ఒక సెమిస్టర్ విద్యార్థుల్ని ఊళ్ళకు పంపి, ఒక్కొక్కరినీ ఓ రైతుకు అప్పజెబుతారు. దేశమంతా వ్యవసాయ డిగ్రీకి ఇది తప్పనిసరి. 2015లో వచ్చిన ‘స్టూడెంట్ రెడీ’ పథకం కింద మొత్తం ఇరవై వారాల లెక్క, అందులో కొన్ని వారాలు ఊళ్ళో. రైతు ఎప్పుడు లేస్తే అప్పుడు లేవాలి, ఏ పని చేస్తుంటే ఆ పనిలో చెయ్యి పెట్టాలి. ఇవాళ అగ్రికల్చర్ చదివే పిల్లల్లో పట్నాల్లో పుట్టి పెరిగినవాళ్ళు తక్కువేం కాదు. మడిలో మొదటిసారి కాలు పెట్టినప్పుడు చెప్పు బురదలో ఇరుక్కుపోయిన కథ ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటుంటుంది.

నాకు మాత్రం ఓ పిల్లాడు మట్టి నమూనా తీస్తున్నప్పుడు చూసిందే బాగా గుర్తుండిపోయింది. పద్ధతి పిల్లాడికి కంఠతా వచ్చు. ఎకరంలో పది పదిహేను చోట్ల ‘వి’ ఆకారంలో గొయ్యి తియ్యాలి. పదిహేను సెంటీమీటర్ల లోతున అంచు వెంబడి పలచగా మట్టి చెక్కాలి. అంతా గోనెపట్టా మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పారబొయ్యాలి. అర కిలో మిగిలేదాకా అలాగే. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంట పోసిన చోట తియ్యకూడదు. ఇదంతా అప్పజెప్పి పలుగు ఎత్తాడో లేదో, రైతు చెయ్యి పట్టుకున్నాడు.

‘ఆగు బాబూ. నిరుడు పెంటకుప్ప పోసింది అక్కడే.’

పిల్లాడు నేలంతా కలయజూశాడు. ఏ ఆనవాలూ లేదు. పెంట పోసిన చోట తీయొద్దని పుస్తకం చెబుతుంది. పోసిన చోటేదో పోసినవాడికే తెలుస్తుంది. ‘సార్, ఈ ముక్క రికార్డులో రాసుకోవచ్చా?’ అని నన్నడిగాడు వాడు. రాసుకోమన్నాను. లెక్చరర్ని అనుకున్నాడు పాపం.

నిడుబ్రోలు నుంచి నేటిదాకా

ఊరికీ విశ్వవిద్యాలయానికీ ముడి వేయడం కొత్తేమీ కాదు. శాంతినికేతన్ పక్కనే సురుల్‌లో 1922లో రవీంద్రుడు శ్రీనికేతన్ పెట్టించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన ఎన్.జి.రంగా 1930ల్లో తన సొంతూరు నిడుబ్రోలులో రైతుల కోసం విద్యాలయం నడిపాడు. ఆ విద్యాలయానికి వచ్చినవాళ్ళు ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు కారు, ఊళ్ళవాళ్ళే. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ సాయం చేసింది. బోధన, పరిశోధన, రైతుకు చేరవేత మూడూ ఒకే కప్పు కింద ఉండాలన్నది అక్కడి పద్ధతి. అదే మన దగ్గరికీ వచ్చింది. ఆ విశ్వవిద్యాలయానికే తర్వాత రంగా పేరు పెట్టారు.

మిగతా డిగ్రీల సంగతి వేరు. వాళ్ళకు చాలాకాలం ఊరంటే ఎన్.ఎస్.ఎస్. క్యాంపే. గాంధీ శతజయంతి ఏడాది 1969లో, సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమందితో మొదలైన పథకమది. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. నేనూ వెళ్ళాను ఒక శిబిరానికి. ఏడు రోజులూ చెమటలు కక్కుతూ ఇంకుడుగుంట తవ్వాం. పాటలు పాడాం, ఫొటో దిగాం. ఆ వీధిలో వాన నీళ్ళు ఎటు పారతాయో ఒక్కర్నీ అడగలేదు. వానాకాలం వచ్చాక చూస్తే గుంట గట్టున పొడిగా ఉందట, నీళ్ళు అవతలివైపు నిలిచాయట. ‘మీరు పిల్లలు కదా అని ఊరుకున్నాం’ అన్నాడు తర్వాత కనిపించిన ఆ ఊరి పెద్దాయన. మాది సేవే. చదువు కాదు.

ఈ రెంటినీ కలపాలన్న ప్రయత్నాలు రకరకాలుగా జరిగాయి. మెక్సికోలో 1936లో వైద్య విద్యార్థుల్ని పల్లెలకు పంపడంతో మొదలై, 1945 నాటికి అది చట్టమైంది. అక్కడ సామాజిక సేవ గంటలు పూర్తి చెయ్యందే పట్టా రాదు. మన దేశంలో సేవాగ్రామ్ వైద్య కళాశాల 1969లో మొదలైన దగ్గర్నుంచీ మొదటి సంవత్సరం విద్యార్థులు ఓ ఊళ్ళో మకాం వేసి, తమ వంతుకు వచ్చిన కుటుంబాలను చూసుకుంటారు. ఈమధ్య అలాంటి కుటుంబ దత్తతనే దేశంలోని ఎంబీబీఎస్ వాళ్ళందరికీ పెట్టారు. లా కాలేజీల వాళ్ళు న్యాయ సహాయ కేంద్రాలు నడుపుతారు.

అన్నిటికన్నా పెద్ద అడుగు మాత్రం ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో పడింది. 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి ‘కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు’ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది పూర్తయ్యాక వచ్చే వేసవిలో 180 గంటలు, నాలుగు క్రెడిట్లు. ముందు ఊరి సర్వే, తర్వాత అవగాహన కార్యక్రమం, ఆపైన తన సబ్జెక్టుకు దగ్గరైన ఓ సమస్య మీద పని. బీకాం వాడైనా, బోటనీ అమ్మాయైనా చెయ్యాల్సిందే. మామిడిపళ్ళ కాలం కాస్తా లాగ్‌బుక్ కాలమైపోయింది.

‘పింఛను తీసేస్తారా బాబూ?’

లాగ్‌బుక్ సంగతి దాచిపెట్టి లాభం లేదు. ఓ పట్టణంలో కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో నేను కళ్ళారా చూశాను. ‘ఏ సబ్జెక్టు? ప్లాస్టిక్కా, పారిశుధ్యమా?’ అనడిగి, ఊరి పేరు మార్చి, అయిదు నిమిషాల్లో స్పైరల్ బైండింగ్ చేసిచ్చాడు. అందులో మంచినీటి సమస్య ఉంది, దానికి పరిష్కారమూ ఉంది. ఊరొక్కటే లేదు. పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఒక్కో మెంటార్‌కి ఎంతమందిని అప్పజెప్పారో, ఆ ఎండలో ఎంతమంది వెంట ఆయన తిరగగలడో కూడా చూడాలి.

నిజంగా ఇల్లిల్లూ తిరిగినవాళ్ళకు ఇంకో చిక్కు. ఊరు ప్రశ్నలతో విసిగిపోయి ఉంది. ఆశా వచ్చి రాసుకుంటుంది, అంగన్‌వాడీ టీచర్ రాసుకుంటుంది, సచివాలయం వాళ్ళు వేలిముద్ర తీసుకుంటారు, అప్పుల కంపెనీ వాడూ రాసుకుంటాడు. ఆఖర్న మెడలో ఐడీ కార్డుతో ఓ కుర్రాడొచ్చి ‘నెలకు ఆదాయం ఎంతండీ?’ అంటే, ఆ ముసలాయన ముందుగా అడిగేది ఒకటే. ‘ఇది రాస్తే పింఛను తీసేస్తారా బాబూ?’

ఆ తర్వాత చెప్పే అంకె ఏదైనా ఆ భయంలోంచి వచ్చిందే. భూమి తగ్గుతుంది, కొడుకు సంపాదన మాయమవుతుంది. స్టాటిస్టిక్స్ పేపర్‌లో ‘సేకరణలో దోషాలు’ అనే పాఠం ఏడాది చెప్పినా ఎక్కనిది ఆ అరుగు మీద పది నిమిషాల్లో ఎక్కుతుంది. కాస్త తెలివైన పిల్ల ప్రశ్న మార్చేస్తుంది. ఆదాయం అడగదు. ‘కిందటి సంక్రాంతికి బట్టలెక్కడ కొన్నారు తాతగారూ?’ అంటుంది. ‘వానాకాలంలో గ్యాస్ వాడతారా, కట్టెలా?’ అంటుంది. జవాబులు నిజాలవుతాయి. నా మట్టుకు నాకు ఆ నాలుగు క్రెడిట్లూ ప్రశ్న మార్చుకోవడం వచ్చినందుకే ఇవ్వాలనిపిస్తుంది.

ఊరికి ముందే తెలిసినదాన్ని చదువు తర్వాత తెలుసుకున్న కథ ఒకటి మన నేలమీదే ఉంది. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లా. 1930ల్లో అక్కడి రైతులు తమ ఎడ్లు కీళ్ళు పట్టేసి నడవలేకపోవడం గమనించారని చెబుతారు. మనుషుల నడుములూ వంగిపోతున్నాయి. 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం ఆ ప్రాంతంలో పరిశోధన చేసి, నీళ్ళలోని ఫ్లోరైడే ఎముకల్ని పాడుచేస్తోందని వైద్య పత్రికలో రాసింది. మన దేశంలో మనుషుల ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి పత్రాల్లో అదొకటి. తర్వాత నల్గొండ ఆ జబ్బుకు మారుపేరైంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని ‘నీరి’ వాళ్ళు పెట్టిన పేరు కూడా ‘నల్గొండ టెక్నిక్’.

ఇప్పుడా పొదిలి, దర్శి నేలమీదే కెమిస్ట్రీ చదివే పిల్లలు వేసవిలో ప్రాజెక్టులు చేస్తున్నారు. నాలుగు బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో కాలేజీ ల్యాబ్‌లో చూడటం వాళ్ళకు గంటల్లో పని. ఖర్చూ పెద్దగా ఉండదు. అంతకన్నా పనికొచ్చే సేవ ఏముంటుంది? కానీ ఆ అంకె ఎక్కడికి పోతోందో అడగండి. రిపోర్టులోకి పోతుంది, రిపోర్టు కాలేజీ బీరువాలోకి పోతుంది. సీసాలో నీళ్ళు పోసిచ్చిన ఇల్లాలికి, ఆ నీళ్ళు పిల్లలకు తాగించొచ్చో లేదో చెప్పేవాళ్ళుండరు. లాగ్‌బుక్‌కి, రిపోర్టుకి, ప్రెజెంటేషన్‌కి విడివిడిగా మార్కులున్నాయి. తిరిగి వెళ్ళి చెప్పినందుకు ఒక్క మార్కైనా ఎక్కడా కనపడలేదు నాకు.

క్రెడిట్లు పెడితే సేవ వ్యాపారమైపోతుందని బాధపడేవాళ్ళున్నారు. నాకా బాధ లేదు. మార్కుల కోసమే ఊరికొచ్చినా, వచ్చినవాడు వచ్చినట్టే ఉండిపోడు. మార్కు ఊరి చేతిలో కూడా కాస్త పెట్టమన్నదే నా గోల. సర్పంచి సంతకం కాదు. నీళ్ళు పోసిచ్చిన ఇల్లాలి మాట.

కాలవ అవతల

రామాలయం ముందుకే మళ్ళీ వద్దాం. పదకొండు దాటాక పటం పూర్తయింది. అమ్మాయిలు చార్టు మీదకు ఎక్కించుకుంటున్నారు. మామ్మ లేచి, చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, ‘బాగానే ఉంది. ఆ కాగితం మాకిచ్చి పోతారా?’ అంది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కాలేజీలో ఇవ్వాలి కదా. చివరికి ఇంకో చార్టు కొని ఊరికో నకలు గీసి ఇస్తామన్నారు. ఇరవై రూపాయల పని. వాళ్ళ మాన్యువల్‌లో లేని పని.

అప్పుడే పొలం నుంచి వస్తూ తలమీద గడ్డిమోపుతో ఒకామె ఆగింది. రామాలయం దగ్గరదాకా రాలేదు, రోడ్డు మీదే నిలబడి చూసింది.

‘మా పేటేదమ్మా ఇందులో?’

పటం కాలవ దగ్గర ఆగిపోయింది. కాలవ అవతల డెబ్భై ఇళ్ళున్నాయి. పొద్దుట్నుంచీ ముగ్గు వేసినవాళ్ళలో అటునుంచి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. రామాలయం దగ్గరికి రమ్మని ఎవరు పిలిచారని? పిలిచినా వస్తారా అన్నది వేరే మాట. ఆడవాళ్ళు ఏమీ అనలేదు. ఒకావిడ మాత్రం ‘అటు స్థలం చాల్లేదు’ అంది, నేలమీద ఇంకా ఎంతో జాగా ఉండగానే.

మర్నాడు పొద్దున్న అమ్మాయిలు మిగిలిన ముగ్గుపిండి పట్టుకుని కాలవ దాటారు. చర్చి ముందు వేపచెట్టు కింద ఊడ్చి నీళ్ళు చల్లారు. గడ్డిమోపు ఆమే మొదటి గీత గీసింది. కాలవ మీది వంతెన, ఆ పక్కన రేవు, శ్మశానానికి దారి లేని చోట ఓ ఎర్ర గీత, వర్షానికి మునిగే ఇళ్ళు పదకొండు. చింతపిక్కలు చాలక కంకర్రాళ్ళు పెట్టారు. ఆ పటంలో పేట మధ్యలో ఉంది. రామాలయం ఎక్కడో పైన ఓ మూలకు వెళ్ళింది. చిన్న అగ్గిపుల్ల ముక్క.