బొంతకుట్టు, కొండబాట
క్యాన్సర్ చికిత్స ముగిసిన సోదరిని మంచానికే పరిమితం చేయడం ప్రేమ అని మన ఇళ్ళలో చాలామంది భావిస్తారు. మేము అంగీకరించము. ఆమె చేతికి సూదీదారం, నాలుగు పాత చీరలు ఇవ్వండి; బొంత కుట్టనివ్వండి. రోజుకు ఒక్క వరుస సాగినా చాలు, తొందరపెట్టరాదు. అయితే కీమోథెరపీ వల్ల వ్రేళ్ళ కొసలు మొద్దుబారి, సూది గుచ్చుకొన్నా తెలియకపోవచ్చు. రొమ్ము శస్త్రచికిత్సలో చంకలోని లింఫ్ గ్రంథులు తీసివేసి ఉంటే, ఆ చేతికి చిన్న గాయమైనా ఇన్ఫెక్షన్‌కు, వాపునకు దారితీయవచ్చు. కనుక అంగుస్తానా తప్పనిసరి.

వారానికి కనీసం 150 నిమిషాల మితమైన వ్యాయామం వైద్యులు చెప్పే లక్ష్యం. వైద్యుని అనుమతితో మొదట వీధి చివరి వరకు నడవాలి. ఓపిక కూడిన తర్వాత, మూసీ పుట్టిన అనంతగిరి కొండలకు ఇంటిల్లిపాదీ ఒకనాడు వెళ్ళవచ్చు. తిరిగివచ్చే సత్తువ మిగిలి ఉండగానే వెనుదిరగాలి.