పందెపు జతకు విలువ కట్టేదెలా?

కీసర: విజయవాడ – హైదరాబాద్ రహదారిపై నందిగామకు, కంచికచర్లకు నడుమ ఉన్న ఈ ఊరి మీదుగా పత్తి లారీలు, మిర్చి లారీలు, సిమెంటు లారీలు పోవడం కొత్త కాదు. సంక్రాంతి మొదలు ఎండలు ముదిరేదాకా వీటి మధ్య మరో రకం సరుకు కూడా కనిపిస్తుంది. వ్యానులో మెత్తగా వరిగడ్డి పరచి, పైన పరదా కట్టి, ఒక మనిషిని తోడుంచి తీసుకుపోయే ఒంగోలు గిత్తల జత అది. బండ లాగుడు పోటీలకు పోయే ఈ జతలు టోల్ గేటు దగ్గర ఆగితే చాలు, చూడడానికి జనం చేరతారు. చేరిన తర్వాత వచ్చే మొదటి మాట ఒకటే: ఎంత పెట్టి కొన్నారు?

జవాబు సాధారణంగా లక్షల్లో ఉంటుంది. ఇక అక్కడినుంచి వాదం. ఆ ధర న్యాయమైనదేనని ఒక వర్గం. దుక్కి దున్నని, బండి కట్టని ఎద్దుకు అంత డబ్బు దండగని మరొక వర్గం. జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో పశువుల మంచిచెడ్డలు తెలిసినవారు తక్కువేమీ కాదు. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో కొలువైన తిరుపతమ్మ తల్లి కథలో గోపయ్య పశువుల మందతో అడవికి పోయినవాడే. అటువంటి సీమలో కూడా పందెపు జత విలువ దగ్గర ఏకాభిప్రాయం కుదరడం లేదంటే, కారణం ఆ సరుకు స్వభావంలోనే ఉన్నదని చెప్పాలి.

పాత లెక్క వేరు

పూర్వం అరక ఎడ్ల ధరకు ఒక ఆధారం ఉండేది. ఒక అరక కింద ఎన్ని ఎకరాలు సాగవుతాయి, ఏడాదిలో ఎన్ని బండ్ల ఎరువు తోలుతుంది, ఇంకా ఎన్నేళ్ళు పని చేస్తుంది అన్న మూడు ప్రశ్నలతో బేరం తెగేది. నల్లరేగడిలో లోతు దుక్కికి ఒంగోలు జాతిని మించినది లేదన్న పేరు ఉండనే ఉంది. ధర ఎంత హెచ్చినా, ఆ పనికి అయ్యే కూలి లెక్క దాటి పోయేది కాదు.

ట్రాక్టరు వచ్చాక ఈ ఆధారం జారిపోయింది. దుక్కి, తోలకం రెండూ యంత్రం చేతికి పోయాయి. అరక ఎడ్లకు గిరాకీ సన్నగిల్లగా, పోటీ జతలకు మాత్రం పెరిగింది. అంటే పని పోయిన తర్వాతనే ధర హెచ్చిందన్నమాట. ఈ వింతే కీసర వాదనలకు మూలం.

పోటీ తీరు

పోటీలో జతకు కాడి కట్టి, బరువైన రాతి బండను లాగిస్తారు. నిర్ణీత నిమిషాలలో ఎన్ని అడుగుల దూరం లాగిందో కొలిచి బహుమతులు నిర్ణయిస్తారు. పశువులను పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు. పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆపైన జూనియర్లు, సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది.

కొనుబడిదారు గమనించవలసిన మొదటి విషయం ఇక్కడే ఉంది. పశువు సుమారు రెండు, రెండున్నరేళ్ళకు రెండు పళ్ళు వేస్తుంది. అయిదేళ్ళు వచ్చేసరికి దాదాపుగా ఎనిమిది పళ్ళూ పూర్తవుతాయి. కాబట్టి రెండు పళ్ళ విభాగంలో పేరు మోసిన జత ఆ విభాగంలో ఎక్కువ కాలం నిలవదు. పన్ను రాలి కొత్త పన్ను రాగానే పెద్ద బండ, పెద్ద ప్రత్యర్థులు. నిన్నటి మొదటి బహుమతి రేపటి విభాగానికి హామీ కాదు. అందుకే అనుభవం ఉన్న బేరగాళ్ళు బహుమతుల చిట్టా కన్న ముందు నోరు తెరిచి చూస్తారు.

రెండవది జత సంగతి. ఇక్కడ సరుకు ఒక్క గిత్త కాదు, జోడు. ఎత్తు, అడుగు, ఉద్రేకం రెంటికీ కలవాలి. ఒకటి ఎలపటకు, మరొకటి దాపటకు అలవాటు పడి ఉంటాయి. ఒకదానికి కాలు బెణికినా, గిట్ట చెడినా రెండవది ఒంటరిదవుతుంది. దానికి సరిజోడు దొరికేదాకా దాని విలువ సగం కాదు, సగంలో సగం కూడా పలకకపోవచ్చు. జతకు పెట్టిన డబ్బును రెండుతో భాగించి ఒక్కొక్కదాని ఖరీదు చెప్పడం అందుకే తప్పు.

మూడవది వాడుకలో ఉన్న నమ్మకాలు. మూపురం, గంగడోలు, ఛాతీ వెడల్పు, గిట్టల గట్టిదనం చూడడంలో అర్థం ఉంది. ఒంటిమీది సుడులను బట్టి ధర హెచ్చించడం, తగ్గించడం కూడా సంతల్లో జరిగేదే. సుడికి బలంతో సంబంధం లేదు గాని, తిరిగి అమ్మేటప్పుడు ఎదుటివాడు సుడి చూస్తాడు గనుక బేరంలో దానికీ విలువ ఉంటుంది.

ఏడాది ఖర్చు

వాదం తేలాలంటే అంకెలు వేసి చూడవలసిందే. ఇవి ఏ ఒక్కరి లెక్కలూ కావు. సులువుగా అర్థం కావడానికి తీసుకున్న గుండు అంకెలు. జతను 10 లక్షల రూపాయలకు కొన్నారనుకుందాం. ఊరి వడ్డీ నూటికి నెలకు 2 రూపాయల చొప్పున ఏడాదికి 2,40,000. ఉలవలు, పత్తిచెక్క, తవుడు, జొన్నచొప్ప, పచ్చిమేత కలిపి జతకు రోజుకు 600 అనుకుంటే ఏడాదికి 2,19,000. చూసుకునే మనిషికి రోజుకు 500 చొప్పున 1,82,500. మొత్తం 6,41,500 రూపాయలు. మందులు, వ్యాను కిరాయి, టోలు ఇందులో కలపలేదు.

మొదటి బహుమతి 50,000 అనుకుంటే, ఈ ఖర్చు రావడానికి ఏడాదికి 13 మొదటి బహుమతులు కావాలి. నాలుగేళ్ళకు జత ధర సగానికి పడిపోతుందని వేసుకుంటే, తరుగు కింద ఏడాదికి మరో 1,25,000 చేర్చాలి. అప్పుడు 16 మొదటి బహుమతులు కావాలి. పోటీలు ప్రధానంగా సంక్రాంతికి, తిరునాళ్ళకు, వేసవికి పరిమితం. ప్రతి పోటీలో మొదటి స్థానం ఒక్కటే. కాబట్టి బహుమతుల మీద ఆధారపడి ఈ ధర గిట్టుబాటు కాదన్నది స్పష్టం. ఉలవలు, పత్తిచెక్క ధరలు పైకి పోయిన ఏడాది లెక్క మరింత బిగుసుకుంటుంది.

అనుకూలురు ఈ లెక్కను కాదనరు. వారి వాదన వేరు. పంట పొలం కొన్నవాడు కౌలు ఒక్కటే చూసి కొనడు, రేపటి ధర చూసి కొంటాడు. పందెపు జతా అంతేనంటారు. రెండు పోటీలు గెలిస్తే కొన్న ధరకు పైన అడిగేవారు వస్తారు. పైగా, ఈ పోటీలే లేకుంటే ఒంగోలు కోడెను మేపే రైతు ఎవరు మిగులుతారన్నది వారి ప్రశ్న. ట్రాక్టరు కాలంలో జాతి నిలబడింది ఈ మోజు వల్లనే అంటారు.

ప్రతికూలురు మరోవిధంగా చూస్తారు. తిరిగి అమ్ముడుపోవడం మీదనే ఆధారపడిన ధర, కొనేవాడు ఉన్నంత సేపే ధర. గెలుపు ఆగిన రోజున ఆ జతను అరకకు కొనేవారు కూడా ఉండరు. మిర్చి ధర పడినా ఎంతో కొంతకు కొనేవాడు ఉంటాడు. పందెపు జతకు అటువంటి అడుగు ధర లేదు.

కార్లలోనూ ఇదే తగాదా

ఈ తగాదా ఎడ్లకు మాత్రమే పరిమితం కాదు. పందెపు బాట కోసం తయారైన ఖరీదైన తేలిక కార్ల విషయంలో విదేశాల మోటారు అభిమానులు ఇదే మాట మీద కొట్లాడుకుంటారు. జర్మనీకి చెందిన పోర్షె కంపెనీ 1973 మోడలుగా తెచ్చిన కరేరా ఆర్.ఎస్. 2.7 ఇందుకు మంచి ఉదాహరణ. పందేలలో ప్రవేశానికి నిబంధనల ప్రకారం 500 కార్లు తయారుచేయవలసి ఉండగా, గిరాకీ చూసి 1,580 చేశారు. వాటిలో 200 మాత్రం సౌకర్యాలన్నీ ఊడదీసి, మిగతావాటికన్న సుమారు వంద కిలోలు తేలిక చేసినవి. నేడు అభిమానులు ఎక్కువ ధర పెట్టేది ఆ సౌకర్యం లేని వాటికే. తక్కువ వస్తువుకు ఎక్కువ డబ్బేమిటని అడిగేవారు అక్కడా ఉన్నారు.

అయితే ఒక తేడా ఉంది. కారు షెడ్డులో మేత అడగదు, ముసలిది కాదు. తయారైన సంఖ్య తెలుసు గనుక యాభై ఏళ్ళకు కూడా అరుదుతనమే దాని ధరను కాపాడుతుంది. గిత్తకు ఆ అవకాశం లేదు. దాని విలువ దానితోనే పోతుంది, సంతానం ద్వారా నిలిస్తే తప్ప.

బ్రెజిల్ చెప్పే పాఠం

అసలు విషయం ఇదే. ఒంగోలు జాతి బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో స్థిరపడింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే గనుక ఆ పేరు వచ్చింది. 1960ల తొలి సంవత్సరాలలో ఒంగోలు దగ్గరి కరవది గ్రామం నుంచి వెళ్ళిన కోడె అక్కడ ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధి కెక్కింది. దాని సంతతి అక్కడి మందలలో విస్తరించింది. నేడు ఆ దేశపు మాంసపు పశువులలో అధిక భాగం నెలోర్ రక్తం కలవే.

2023లో ఆ దేశపు వేలంలో ‘వియాటినా–19’ అనే నెలోర్ ఆవులో మూడవ వంతు వాటా 69.9 లక్షల రియాలకు అమ్ముడైంది. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ సుమారు 43 లక్షల డాలర్లు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా గిన్నిస్ పుస్తకం దానిని నమోదు చేసింది. ఆ ధర వార్త మెట్ట రైతులకు గర్వకారణం. ఇక్కడి జతల ధరలను సమర్థించేవారు దానినే ఉదాహరణగా చూపుతారు కూడా.

కాని ఈ పోలిక చెల్లదు. బ్రెజిల్ వారు డబ్బు పెట్టింది ఆ ఒక్క ఆవుకు కాదు; దాని అండాల నుంచి ప్రయోగశాలలో పుట్టించగల సంతతికి. ఒక ఆవులో వాటాలు అమ్మగలగడానికి కారణం అదే. ఇక్కడ డబ్బు పెడుతున్నది నిమిషాలలో లాగిన అడుగులకు. ఒకే జాతికి రెండు దేశాలలో రెండు రకాల ధర. ఒకటి రాబోయే తరానికి, మరొకటి గడిచిన పోటీకి.

కాబట్టి పందెపు జత బేరంలో తేల్చుకోవలసిన ప్రశ్న విత్తు కొట్టించారా లేదా అన్నది. కొట్టించినదైతే, ఆ ధరలో జాతి రక్షణ అన్న మాటకు తావు లేదు; గెలిచినన్నాళ్ళు గెలిచి దానితోనే ఆ రక్తం ఆగిపోతుంది. కొట్టించనిదై, తల్లిదండ్రుల వివరాలు తెలిసి, ఊరి ఆవులకు దాటించడానికి పనికివస్తే, పోటీల కాలం ముగిసిన తర్వాత కూడా కొంత విలువ మిగులుతుంది. గుంటూరు సమీపంలోని లాం పశు పరిశోధన స్థానం వంటి సంస్థలు ఒంగోలు జాతి పరిరక్షణకు కృషి చేస్తున్నాయి. బలమైన గిత్తలన్నీ పోటీలకే పోయి, వాటి దూడలు మందలో మిగలకపోతే ఆ కృషికి రైతు తోడు దొరకదు.

చట్టం మాట

ధర కట్టేటప్పుడు చట్టాన్ని మరువరాదు. 2014 మే 7న జల్లికట్టు, ఎడ్ల బండి పందేలపై సుప్రీంకోర్టు నిషేధం విధించింది. తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక చేసుకున్న సవరణ చట్టాలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. తన పోటీకి తన రాష్ట్రంలో ఏ నిబంధన వర్తిస్తుందో తెలుసుకోకుండా లక్షలు పెట్టడం వివేకం కాదు. ముల్లుకర్రతో పొడిచి, తోక మెలిపెట్టి అడుగులు సంపాదించే జత విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉండనే ఉంది. పైగా హింసతో లాగిన దూరం పశువు సత్తాకు కొలత కాదు గనుక, ఆ చిట్టా నమ్మి కొన్నవాడు నష్టపోతాడు.

మొత్తం మీద కీసర వాదనలో రెండు వర్గాలకూ కొంత న్యాయం ఉంది. మోజు కొద్దీ కొనేవారు దానిని ఖర్చు కింద రాసుకుంటే పేచీ లేదు; మునేటి ఒడ్డున ఒక మంచి జతను చూసి సంతోషించడానికి లెక్కలతో పని లేదు. అప్పు తెచ్చి, బహుమతులతో తీరుస్తామని కొనేవారు మాత్రం పై అంకెలు మరొకసారి వేసి చూసుకోవడం మంచిది. పళ్ళు చూసిన తర్వాత, గిట్టలు చూసిన తర్వాత, ఊరిలో దీని దూడలు ఎన్ని ఉన్నాయని అడిగి బేరం ఆడేవారు ఇంకా తక్కువే. ఆ ప్రశ్న సంతలో మామూలు ప్రశ్న అయిననాడు, అధిక ధర వల్ల జాతికి మేలు జరుగుతున్నదన్న మాటకు బలం చేకూరుతుంది.