తొడకు ఎం.ఆర్.ఐ. తీయించుకునే ముందు



మన ఆడవాళ్లకో అలవాటుంది. ఒంట్లో బాగుండకపోతే ఓ పట్టాన ఎవరికీ చెప్పం. అందులోనూ తొడలో నొప్పో, గడ్డో అయితే చూపించడానికి సిగ్గు. మా పెద్దాడపడుచు అమలాపురం దగ్గర పల్లెలో ఉంటారు. కుడి తొడలో నిమ్మకాయంత గడ్డని ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా దాచి, అది బత్తాయంత అయ్యాక బయటపెట్టారు. రాజమండ్రిలో డాక్టరుగారు చూసి ఎం.ఆర్.ఐ. తీయించమన్నారు. "పెద్ద జబ్బే అయుంటుంది అమ్మాయ్!" అని ఆవిడ బెంబేలెత్తిపోయారు. ఆవిడకి తోడు వెళ్లి నేను తెలుసుకున్న సంగతులే ఇవాళ మీతో చెబుతాను.

ఎం.ఆర్.ఐ. రాశారంటే పెద్ద జబ్బని కాదు. ఎక్స్‌రేలో ఎముక బాగా కనబడుతుంది గాని, దానిచుట్టూ ఉన్న కండ, కొవ్వు, నరాలు అంత బాగా కనబడవు. తొడలో కండ చాలా మందం. ఆ కండ చిరిగిందా, లోపల చీము పట్టిందా, గడ్డ ఎంత లోతున ఉంది, ఎముక మూలుగకేమైనా వచ్చిందా అన్నది ఎం.ఆర్.ఐ. చూపిస్తుంది. ఎక్స్‌రే కిరణాలు ఇందులో ఉండవు.

మరి బొమ్మ ఎలా వస్తుందంటారా? మన ఒంట్లో నీరెక్కువ కదా. ఆ నీటిలోని హైడ్రోజన్ పరమాణువుల కేంద్రకాలు పెద్ద అయస్కాంతం మధ్య ఓ తీరుకు వస్తాయి. వాటిమీదికి రేడియో తరంగాలు పంపితే కదిలి, తిరిగి సంకేతాలిస్తాయి. కంప్యూటరు వాటిని బొమ్మగా మారుస్తుంది. రేడియో తరంగాలు పాటలూ ప్రసంగాలే కాదు, మన ఒంట్లో కబుర్లు కూడా మోసుకొస్తాయన్నమాట! ఈ పద్ధతికి దారివేసిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ అనే ఇద్దరికి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

అసలు జాగ్రత్తంతా ఆ అయస్కాంతం దగ్గరే. చాలాచోట్ల ఉండేది 1.5 టెస్లా యంత్రం. అంటే భూమికున్న అయస్కాంత శక్తికి సుమారు 30,000 రెట్లు. పైగా పరీక్ష లేనప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో ఒకాయన చుట్టాన్ని పరీక్షకు తీసుకెళ్తూ ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి అడుగుపెట్టాడు. అయస్కాంతం సిలిండరుతోపాటు ఆయన్నీ లాగేసుకుంది. పాపం, ప్రాణం పోయింది. కాబట్టి తోడు వెళ్లేవాళ్లూ జాగ్రత్తగా ఉండాలి.

మా వదినగారు గాజులు తీశారు, దుద్దులు తీశారు. సూత్రాలతాడు మాత్రం తియ్యనన్నారు. చివరికి సరేనని తల ఊపి, ఆసుపత్రి గౌను కింద దాచేసుకున్నారు. ఆ తాడుకి రెండు పిన్నీసులు! బంగారాన్ని అయస్కాంతం లాగదు, నిజమే. కాని కొక్కేల్లో వేరే లోహం ఉండొచ్చు, వేడెక్కి చర్మం కాలొచ్చు. ఇక ఉక్కు పిన్నీసైతే ఎగిరివెళ్లి కంట్లో గుచ్చుకోవచ్చు. లోపలికి పంపేముందు అక్కడి ఆయా మళ్లీ గుచ్చిగుచ్చి అడగబట్టి బయటపడింది. అప్పుడు అన్నయ్యగారు ఎదురు కొట్లోంచి పసుపుకొమ్మూ దారమూ తెచ్చి, తనే పసుపుతాడు కట్టారు. వదినగారు కళ్లు తుడుచుకుని, సూత్రాలు తీసి నా చేతిలో పెట్టారు. మీరు బయల్దేరేటప్పుడే పసుపుతాడు సిద్ధం చేసుకోండి. ముక్కుపుడక బిగుసుకుపోతే ముందురోజే కంసాలి దగ్గర తీయించండి. మెట్టెలు, తలపిన్నులు మరవకండి. జరీ చీర వద్దు, కాటుక వద్దు.

పైన ఉన్నవి తీసేస్తాం. లోపల ఉన్నవి చెప్పాలి. గుండెకు పేస్‌మేకరు, స్టెంటు, మెదడులో క్లిప్పు, చెవిలో అమర్చిన యంత్రం, ఎముకలో రాడ్డు, కాపర్-టీ, ఎప్పుడో కంట్లో పడ్డ ఇనుపరజను - ఏదున్నా చెప్పండి. చాలావాటితో పరీక్ష చేయొచ్చు. కాని ఏది పనికొస్తుందో, ఏది రాదో తేల్చవలసింది వాళ్లు. ఆపరేషను కాగితాలు, కార్డులు పట్టుకెళ్లండి. నెల తప్పిందన్న అనుమానమున్నా సిగ్గుపడక చెప్పండి. రక్తనాళంలోకి మందు ఎక్కిస్తామంటే, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు ముందే ఆ సంగతి చెప్పాలి.

పరీక్ష అరగంట నుంచి ముప్పావుగంట పట్టొచ్చు. తొడకైతే సాధారణంగా కాళ్లవైపు నుంచి లోపలికి పంపుతారు. దడదడా పెద్ద చప్పుడవుతుంది, చెవులకు దూది లాంటివి ఇస్తారు. భయమేస్తే నొక్కడానికి చేతికో బుడ్డి ఇస్తారు. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది, అంచేత ముందే బాత్రూముకు వెళ్లిరండి. చేతులు ముడుచుకోకూడదు. తొడా తొడా తగలకుండా మధ్య మెత్త పెట్టించుకోండి. తగిలినచోట చర్మం కాలే ప్రమాదముంది. వేడిగా అనిపిస్తే వెంటనే బుడ్డి నొక్కండి. ఆడమనిషి దగ్గరుండాలని అడగడంలో తప్పేం లేదు.

వదినగారిది కొవ్వు గడ్డేనని తేలింది. అందరిదీ అదే అవుతుందని కాదు. కొన్నింటికి ముక్కపరీక్ష కూడా కావాలి. కాని పెరుగుతున్న గడ్డని ఏడాదిపాటు దాచడమూ, పిన్నీసుని గౌనులో దాచడమూ ఒకలాంటి పొరపాటే. డాక్టరు దగ్గరా, ఆ యంత్రం దగ్గరా ఏదీ దాచకండి.